తుమ్మకర్రలో తాత ముఖం

గుండె మీద చేయి వేసుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మేడ్చల్‌లో కోతలరాయుడినని పేరున్నా, ఈ ఒక్కసారికి నమ్మండి.

రెండువేల దశకంలో, శామీర్‌పేటలో మా పక్కింటి అవ్వకు భర్త పోయి ఏడాదైంది. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

"ఆయన మొఖం మర్సిపోతున్న బిడ్డా. కర్రల చేసియ్యి" అంది.

నేను సన్నరంపంతో రకరకాల కర్రలు కోసి, ముక్కలు అతికించి బొమ్మలు చేసి తెలిసినవాళ్లకు ఇస్తుంటాను. రంగు వేయను, కర్రకున్న రంగే రంగు. ముఖానికి టేకు, మీసాలకు తెల్లని పొణికి కర్ర వాడాను.

అవ్వ చూసి, "గీన ఎవలు బిడ్డా? మా ముసలాయన గింత సక్కగ ఎన్నడుండె?" అంది.

ముక్కు మార్చినా ఒప్పుకోలేదు. మూడోసారి, ఆ తాత నాకెప్పుడో ఇచ్చిన పాత నాగలి మేడితో, అదే దున్నేటప్పుడు పట్టుకునే పిడితో, ముఖం చేశాను. ఆయన చేతుల్లో అరిగిన నల్లతుమ్మ అది. ఆ మాట చెప్పి బొమ్మ చేతికిచ్చాను. అవ్వ దాని చెంప మీద అరచేయి ఆనించి చాలాసేపు తీయలేదు.

"ఔ, ఈయనే" అంది మెల్లగా.

ఇగ ఒప్పుకుంటున్నాను. తాత నాకు ఏ మేడీ ఇవ్వలేదు. ఆ తుమ్మ సుచిత్ర చౌరస్తా దగ్గర కట్టెల అడితిలో తెచ్చింది. అవ్వ బతికున్నన్నాళ్లూ నేనా సంగతి చెప్పలేకపోయాను.