వెళ్ళేవాళ్ళ కోసం రాసిన ప్రోగ్రాం

మొన్న నోయిడా దగ్గర వైశాలిలో కొరియర్ బుక్ చేస్తుంటే కౌంటర్ వెనక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గర్రుమంది. చెవులు మూసుకోవాల్సిన చప్పుడది. నేను మాత్రం రసీదు చేతికొచ్చాక కూడా కదల్లేదు. రత్నకుమారి గారి ఆఫీసులో రోజంతా ఆ మోతే.

మయూర్ విహార్‌లో ఆవిడ ఫ్లాట్‌లోని ముందు గదే ఆఫీసు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వరంగల్ నుంచి వచ్చిన నాకు మొదటి ఉద్యోగమిచ్చిన మనిషి. ఆవిడది కాకినాడ. విండోస్‌కి ముందటి డాస్ మీద నడిచే డేటాబేస్ ఒకటి ఒంటిచేత్తో రాసి నర్సింగ్ హోములకు అమ్మేవారు. పేషెంట్లు ఒక పట్టికలో, వాళ్ళ పరీక్షలు ఇంకో పట్టికలో, రెంటినీ కలిపేది ఒక నంబరు. "ఆ నంబరు తప్పిందంటే ఒకళ్ళ రక్తం రిపోర్టు ఇంకొకళ్ళ నెత్తిన పడుద్దమ్మా," అంటూ నేను రాసిందంతా మళ్ళీ రాయించేవారు. తెగ విసుక్కునేదాన్ని. ఇవాళ నాకు పని వచ్చంటే ఆ రాయింపుల వల్లే.

అంతలో విండోస్ అందరి బల్లల మీదికీ వచ్చేసింది. కొత్త కంప్యూటర్లలో మా సాఫ్ట్‌వేర్ మొరాయించేది. మేడమ్ విండోస్ వెర్షన్ మొదలుపెట్టారు, సగమైంది. అప్పుడే ఘజియాబాద్ డాక్టరు గారొకరు వచ్చి, "మేడమ్‌జీ, దూస్‌రా సాఫ్ట్‌వేర్ లే లియా. హమారా డేటా నికాల్ దీజియే," అన్నారు. వేరేవాళ్ళది కొనేశారట, పాత డేటా తీసివ్వాలట. మా దాంట్లో అలా తీసిచ్చే దారే లేదు.

ఆయన వెళ్ళగానే, "ఇయ్యకండి మేడమ్. మనది అయ్యేదాంక ఆగక ఏం జేస్తరు?" అన్నాను.

"వాళ్ళ పేషెంట్లమ్మా. పట్టుకు కూర్చోడానికి మనమెవరం?"

కొత్త వెర్షన్ పక్కన పెట్టి, డేటా బయటికిచ్చే ప్రోగ్రాం రాశారు. డాక్టరు గారి క్లినిక్‌కి నన్నూ తీసుకెళ్ళి, పోటీ కంపెనీ తెర మీద పేర్లూ పరీక్షలూ సరిచూసి, "అందరూ క్షేమంగా చేరారమ్మా," అన్నారు సంబరంగా. నాకు ఒళ్ళు మండింది. సంగతి విని మిగతా నర్సింగ్ హోములూ వచ్చాయి. అందరికీ అలాగే ఇచ్చి పంపారు. విండోస్ వెర్షన్ సగంలోనే ఉండిపోయింది, ఆఫీసు మూతపడింది. పూర్తయితే అదెంత బాగుండేదో, ఆ సగాన్ని చూసినదాన్ని, నాకు తెలుసు. ఆ దిగులు ఇంకా పోలేదు.

ఇప్పుడు నోయిడాలో పెద్ద కంపెనీలో ఉన్నాను. మమ్మల్ని వదిలి వెళ్ళే కస్టమర్లకు వాళ్ళ డేటా చెక్కుచెదరకుండా అప్పగించడమే నా పని. ఆవిడలాగే వాళ్ళ పక్కన కూర్చుని సరిచూస్తాను. అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం మొహం చెల్లదు. ఆ పద్ధతి కోసం ఆవిడ ఆఫీసే పోగొట్టుకున్నారు. నాకేమో దానికి నెలనెలా జీతమిస్తున్నారు.