నొప్పి చెడ్డది కాదన్న ఇంట్లో సీరా

ఆమెను తల్లి ఏమని పిలిచేదో ఏథెన్సులో ఎవరూ అడగలేదు. సిరియా నుంచి తెచ్చి అమ్మారు కాబట్టి సీరా అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఆమె తత్వవేత్త యూథిక్లిస్ ఇంట్లో బార్లీ విసురుతోంది. వాకిట్లో ఆయన చెప్పే పాఠం తిరగలి చప్పుడులోంచి రోజూ ఆమె చెవిన పడేది. "నొప్పి చెడ్డది కాదు. చెడ్డదని మనం అనుకోవడమే చెడ్డది." వినీ వినీ ఆమెకది కంఠతా వచ్చింది. ఆలోచించే తీరికే లేదు.

ఆ ఏడు పొరుగు రైతు ఫిలోన్ కోర్టుకెక్కాడు. యూథిక్లిస్ తన సొంత పొలంలోనే, దేవతదని ఎవరూ ముట్టకూడని ఆలివు చెట్టు మోడును పెకలించాడట. రుజువైతే దేశం విడిచిపోవాలి, ఆస్తి జప్తు. నిజానికి అక్కడ ఏనాడూ మోడు లేదు. ఏటా ఆ పొలంలో కలుపు తీసే సీరాకు ఆ సంగతి తెలుసు.

అయితే బానిస మాట కోర్టులో చెల్లాలంటే చక్రానికి కట్టి, ఒళ్లు విరిచి చెప్పించాలి. "నా బానిసను అలాగే అడుగు" అని సవాలు చేస్తే ఎదుటివాడు మామూలుగా వద్దంటాడు. అప్పుడు "చూశారా, నిజానికి జడిశాడు" అని కోర్టులో దెప్పవచ్చు. అందరూ ఆడే ఆటే. యూథిక్లిస్ కూడా నడిబజారులో, సాక్షుల ముందు, ఆ సవాలే విసిరాడు.

"సరే, పంపు," అన్నాడు ఫిలోన్. "నొప్పి చెడ్డది కాదంటావుగా పంతులూ, ఇంకేం!"

జనం గొల్లుమన్నారు. సాక్షులంతా చూస్తుండగా యూథిక్లిస్ సరేనని తలూపాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

సంగతి వినగానే సీరా పిండి చేతులతోనే ఆయన కాళ్ల మీద పడింది.

"మాట వెనక్కి తీసుకోండి దొరా. చేతులు పోతే నేనెందుకూ పనికిరాను."

"తీసుకుంటే తప్పు చేశాననుకుంటారే. నువ్వు నిజమే చెప్తావుగా, భయమెందుకు?"

"నిజం ఊరికే చెప్తాను గదా! ఊరికే అడగమనండి."

"ఊరికే చెబితే ఎవరు నమ్ముతారు సీరా?"

ఆయన అన్నది నిజమే. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమెను చక్రానికి కట్టారు. మధ్యాహ్నం దాకా తిప్పారు. మోడు ఉందంటే ఆపేసేవారు. కానీ అలా అంటే దొర ఆస్తితో పాటు తననూ వేలం వేసి ఏ వెండి గనికో తోలేస్తారు. అడిగినప్పుడల్లా లేదనే అరిచింది.

యూథిక్లిస్ గెలిచాడు. సీరా భుజాలు మళ్లీ అతుక్కోలేదు.

కొన్నాళ్లకు ఆయన ఆమెను శిష్యుల ముందుకు పిలిచాడు.

"చూడండి, చదువు లేని ఆడది, నొప్పిని గెలిచింది. చెప్పు సీరా, నొప్పి చెడ్డదా?"

ఆమె ఆయన చేతుల వైపు కాసేపు చూసింది.

"ఎవరి నొప్పి దొరా?"

ఒక శిష్యుడు నవ్వబోయి మానేశాడు. ఆ రోజుకు పాఠం అంతటితో ముగిసింది.

ఆ నెలలోనే తిరగలికి సంత నుంచి ఇంకో సిరియా మనిషిని తెచ్చారు. ఆమెనూ సీరా అనే పిలిచారు.