మణి ముట్టని కూర

పోయిన ఏడాది ధర్మపురిలో నా భార్య పోయాక మా కుక్క మణి తిండి మానేసింది. ఇలాగే ఉంటే బతకదని పశువైద్యుడు ఒక వంటకం రాసిచ్చారు. కోడిమాంసం, ఆపిల్, బొప్పాయి తూకం ప్రకారం నేనే ఉడికించి పెట్టాను. మణి కదల్లేదు.

నా భార్య చెల్లెలు గిన్నెలోకి తొంగి చూసింది. “ఉప్పు లేదు, కారం లేదు, పండ్లేసినారు. ఇది కూరా పాయసమా బావా?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “అక్క ఏ పొద్దైనా కాకికి పెట్టకుండా దీనికి పెట్టిందా?” అంది.

పిట్టగోడ మీద ఒక ముక్క పెట్టి, నా భార్యలాగే “కా, కా” అని పిలిచాను. కాకి వాలింది. మణి లేచి వచ్చి గిన్నె ఖాళీ చేసింది.

ఆ రోజు డైరీలో ‘మణి తిన్నది’ అని మాత్రమే రాశాను. ఇప్పుడు రోజూ కాకిని పిలుస్తున్నాను. నాకు ఏడుపు మాత్రం ఇంకా రాలేదు.