పెనుగొండలో అద్దె ఇల్లు చూసిన వైనం

మొన్న పెనుగొండలో ఒక ఇల్లు దాదాపు అద్దెకి తీసేసుకున్నామండి. తణుకులో మాకు సొంతిల్లు ఉంది. ఏం జరిగిందో చెప్తాను, వినండి.

రెండేళ్ళ క్రితం నాకు గర్భసంచి క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చారు. దేవుడి దయవల్ల జబ్బు తగ్గింది. పేగులు మాత్రం దెబ్బతిన్నాయి. వస్తోందని తెలిసేసరికే పరిగెత్తాలి. డాక్టర్ గారు మాత్రలిచ్చి, పడనివి మానమన్నారు. చాలావరకు సర్దుకుంది గానీ, నమ్మకం లేదు. చర్చిలో తలుపు పక్కనే కూర్చుంటాను. ఎవరైనా ఎక్కడికైనా రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటాను. సొంత చెల్లెలికీ అదే చెప్పాను.

ఆ చెల్లెలి కూతురి ప్రధానం పాలకొల్లులో. దానికీ వెళ్ళకపోతే ఎలా? ఏమీ తినకుండా మా ఆయన బండెక్కాను. పెనుగొండలోకి వచ్చామో లేదో, కడుపులో మెలిపెట్టింది.

“బండి ఆపండి.”

“ఇక్కడేముంది?”

“ఏముంటే అదే.”

ఎదురుగా ఒక ఇంటికి అద్దె బోర్డు కనిపించింది. గేటు దగ్గర ఒక పెద్దావిడ పూలు కోస్తున్నారు. “ఇల్లు చూద్దామని వచ్చామండి” అనేశాను. అంత అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆవిడ సంబరంగా పక్క పోర్షన్ తాళం తీశారు. “ఇది హాలండి, గాలి బాగా...”

“ముందు బాత్రూమ్ చూస్తానండి” అని లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాను.

బయట మాటలు వినిపిస్తున్నాయి. “ఆవిడకి శుభ్రం ఎక్కువనుకుంటానండి.” “అవునండి, ముందు అదే చూస్తుంది.” “మీరెంతమంది?” “ఇద్దరమేనండి.” “ఎప్పుడు దిగుతారు?” “వచ్చే నెలలో దిగిపోతామండి.” మా ఆయనకి ఎవరికీ కాదని చెప్పడం రాదు.

ఇంతలో కుళాయి తిప్పితే చుక్క లేదు. ఖాళీ ఇల్లు కదా మరి. తప్పక లోపల్నుంచే అడిగాను, “అమ్మా, కాస్త మోటార్ వేస్తారా?”

“నీళ్ళు కూడా చూస్తున్నారు. తెలివైన మనిషండి” అన్నారావిడ.

బయటికొచ్చాక వంటిల్లు చూపిస్తున్నారు. అలమరాలు తుడిచి మరీ చూపిస్తుంటే ఉండబట్టలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. కోప్పడతారేమో అనుకున్నాను.

“మా అత్తగారికీ ఇలాగే క్యాన్సర్‌కి కరెంటు పెట్టారండి” అన్నారు మెల్లగా. “తర్వాత గుడికి రావడం మానేశారు. పేరంటాలు మానేశారు. మాతో పడక అనుకున్నాం. ఆఖర్లో ఎప్పుడో చెప్పారు. ముందే చెప్పుంటే చేతులమీద తీసుకెళ్ళేవాళ్ళం కదండీ. మీరు మాత్రం బాత్రూమ్ కావాలని అడిగితే ఇవ్వనా?”

మంచినీళ్ళిచ్చి, కోసిన పూలు నా చేతిలో పెట్టి పంపించారు.

పాలకొల్లులో చెల్లి గుమ్మంలోనే పట్టుకుంది. “ఏంటక్కా ఇంత లేటు? మోకాళ్ళా?”

అవునందామని నోరు తెరిచాను. ఆ అత్తగారు గుర్తొచ్చారు. “మోకాళ్ళు కాదే” అని పక్కకి తీసుకెళ్ళి చెప్పాను. అది నన్ను పట్టుకుని ఏడ్చింది. “రెండేళ్ళు నామీద అలిగావనుకున్నాను” అంది.

తర్వాత కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగింది. నాకు బాత్రూమ్ పక్కనే కుర్చీ వేయించింది. అడ్డొచ్చిన ప్రతివాళ్ళకీ కారణం చెప్పి మరీ దారి తీయించింది. దాంతో హాల్లో అందరినీ “భోంచేశారా?” అని అడుగుతున్నవాళ్ళు, నా దగ్గరికొచ్చి మాత్రం “వెళ్ళొచ్చారా అండీ?” అని అడగడం మొదలెట్టారు. పాస్టర్ గారితో సహా.

సిగ్గుపడదామనే అనుకున్నానండి. టైమేదీ, మళ్ళీ లేవాల్సొచ్చింది.