తుడుము మోగే జీపు

మావయ్య పోయాడన్న కబురు నాకు గుట్ట మీద తెలిసింది. నేను పాఠాలు చెప్పే ఊళ్లో సెల్లుకి సిగ్నల్ ఆ గుట్ట మీదే దొరుకుతుంది. పిల్లల్ని ఇంటర్వెల్‌కి వదిలి పైకెక్కాను. అత్తయ్య గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "మీ మావయ్య ఇంక లేడే అమ్మా... ఆసుపత్రోల్ల బండి అరకు దాకానే వత్తాదంట. అక్కడికి మన జీపే తెమ్మన్నాను." తర్వాత లైను పోయింది. అప్పటినుంచీ ఒక చోట కూర్చోవడం నా వల్ల కావడం లేదు. ఇది కూడా లేస్తూ కూర్చుంటూ రాస్తున్నాను, అక్కడక్కడా తోవ తప్పితే సర్దుకోండి.

కాలు నిలవకపోవడం మా అమ్మ వైపు జబ్బు. ఆమెకు సొంత అన్న ఆయన. మా కొండ ఊళ్ల నుంచి అరకు సంతకి జీపు తోలేవాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తినేవాడు, అంతలో ఏదో గుర్తొచ్చి స్క్రూడ్రైవరు పట్టుకుని జీపులో దూరేవాడు. "ఏటి సేత్తన్నావు? కూడు సల్లారిపోతంది!" అని అత్తయ్య అరిచేది. "ఓపాలి సూసొత్తాను" అని లోపల్నుంచి జవాబు. ఓపాలి అంటే మా ఇంట్లో సాయంత్రం దాకా అని అర్థం.

అంతకుముందు ఆయన సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఎవరిదో బండి తోలేవాడు. దొర ఎప్పుడు బయటికొస్తే అప్పుడు కదలాలి, రాకపోతే చెట్టు కింద కూర్చోవాలి. ఇల్లూ వాకిలీ చూసుకునేది ఎప్పుడో పండక్కే. తంటాలు పడి పాత జీపొకటి కొనుక్కుని ఇంటికొచ్చిన రోజు, "ఇంక నా కాలు, నా బ్రేకు" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

నేను టీచర్ ట్రైనింగు చదువుతున్న రోజుల్లో, తొంభైల చివర్లో అనుకోండి, మా దారిలోకి ఇంకో జీపు దిగింది. కొత్తది. లోపల రంగు లైట్లు, పెద్ద సెట్టు, సీట్ల వెనక పెట్టెలంత స్పీకర్లు. మా వాళ్లకి పాటంటే ప్రాణం. అల్లం బుట్టలూ రాజ్మా మూటలూ ఎత్తుకుని అందరూ అందులోకే ఎక్కారు. మావయ్య జీపు ఖాళీగా దిగి ఖాళీగా ఎక్కింది. ఇలాగే సాగితే జీపు అమ్ముకోవాలి, మళ్లీ సీలేరు పోయి చెట్టు కింద కూర్చోవాలి. ఇంట్లో అందరికీ అదే దిగులు.

మావయ్య జీపులోనూ టేపురికార్డరు ఉండేది. దాని స్పీకర్లు రెండూ రేకుకి బిగించి ఉండేవి, పాటకంటే రేకు ఎక్కువ పాడేది. కొత్తవి కొనే తాహతు లేదు. విశాఖ వెళ్లి, నుజ్జయిన ఏదో కారులోంచి పీకిన గుండ్రటి స్పీకర్లు పాతసామాన్ల కొట్లో పట్టుకొచ్చాడు. ఒకదాని కాగితం చిరిగి ఉంది. అడవిలో ఏరిన తపసి బంక రాసి, పల్చటి గుడ్డముక్క అంటించాడు. రేకు వణక్కుండా సైకిల్ ట్యూబు కత్తిరించి కింద వేశాడు. గొంతులు బాగానే పలికాయి. కానీ ఊరి పెళ్లిలో ఆయనే రికార్డు చేసిన ధింసా ఆట క్యాసెట్టు పెడితే ఊదే మోరి ఒక్కటే కీచుమంటోంది, కొట్టే తుడుము దెబ్బ వినబడదు. ఎక్కిన ఒకరిద్దరు ముసలమ్మలు కూడా, "మా తుడుమేదిరా అల్లుడా? తినేసినావా?" అని ఎకసెక్కాలాడారు.

ఆ వారమంతా మావయ్యకి తిండి లేదు, మాకు శాంతి లేదు. స్పీకర్‌ని కుండలో పెట్టాడు, డబ్బాలో పెట్టాడు. ఒక మధ్యాహ్నం అత్తయ్య పొలం నుంచి దాహంతో వచ్చి, అంబలి పోసుకునే ఎండు ఆనపకాయ బుర్ర కోసం వెతికింది. బుర్ర జీపులో ఉంది. నడుముకి గుండ్రటి కన్నం, కన్నంలో స్పీకరు. "నా అంబలి బుర్రకి నోరెట్టేసినావా! నీ సెయ్యిరగ!" అని తిడుతూనే చెవి దగ్గర పెట్టుకుని వింది. తర్వాత ఆవిడే అటక మీంచి ఇంకో బుర్ర దింపింది.

అయినా దెబ్బ పూర్తిగా దిగలేదు. విసుగొచ్చి తీగలన్నీ పీకి మళ్లీ కలిపేటప్పుడు ఒక స్పీకర్‌కి అటుది ఇటు పడింది. అంతే, తుడుము గుండెల్లో మోగింది. మావయ్య ఎగిరి బయటికి దూకాడు. "సూసినావే గుంటా? రెండు స్పీకర్ల కాగితాలూ ఒక్కపాలే ముందుకి రావాల. ఒకత్తి ముందుకేసి, ఇంకోత్తి ఎనక్కేత్తే అది ధింసా ఏటి? తోపులాట!" తర్వాత నేను ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. అక్కడి వాళ్ల మాటలు వింటుంటే ఈ మాటే గుర్తొచ్చి నవ్వాపుకునేదాన్ని.

మరుసటి సంతకి జీపు నిండింది. ఘాటీ మలుపులో వాగు దగ్గర, ఇంజను కాగిందని నీళ్లు పోయడానికి ఆపాడు. పాట మాత్రం ఆపలేదు. తుడుము మోగుతుంటే మా ఆడవాళ్ల కాళ్లు ఆగుతాయా? బుట్టలు దింపి, వెనకనుంచి ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరస కట్టేశారు. మావయ్య నీళ్ల డబ్బా పట్టుకుని మురిసిపోతూ నిలబడ్డాడు. సంతకి చేరేసరికి బేరగాళ్లు లారీలు నింపేసుకున్నారు. మిగిలిన సరుకు అయినకాడికి అమ్ముకుని ఆడవాళ్లు ఆయన్నే తిట్టారు. పై వారం అందరూ మళ్లీ కొత్త జీపే ఎక్కారు.

అంత కష్టపడి తెచ్చుకున్న తుడుమే ఆయన కొంప ముంచింది. కోపంతో బుర్రలు పీకేస్తాడనుకున్నాం. పీకలేదు. ఊరూరా తిరిగి, గడపగడపకీ ఒకే మాట చెప్పాడు. "ఎల్లేటప్పుడు సినిమా పాటలే. వచ్చేటప్పుడే తుడుము. కొండ దిగేటప్పుడు నా బండెక్కినోల్లకే, తిరిగి కొండెక్కేటప్పుడు సోటు." అది పనిచేసింది. కొత్త జీపులో లైట్లు ఉన్నాయి, స్పీకర్లు ఉన్నాయి, మా పెళ్లి తుడుము లేదు. మావయ్య మళ్లీ సీలేరు పోలేదు.

అప్పటినుంచి ప్రతి సంత సాయంత్రం ఆ మలుపులో ధింసా జరిగేది. మావయ్య మాత్రం నిప్పుల మీద నిలబడ్డట్టు జీపు చుట్టూ తిరిగేవాడు. "బేగెక్కండే! పొద్దు పోతంది! బేగెక్కండే!" అని కేకలు. టేపు ఆపితే చాలు, అందరూ ఎక్కేస్తారు. ఆ మీట మీదికి మాత్రం ఆయన చెయ్యి పోయేది కాదు. ఎందుకాపవు మావయ్యా అంటే, "ఆపడానికా అంత సచ్చి బాగుసేసింది?" అని నా మీదే ఎగిరాడు. ఆ కసురు కూడా నాకిప్పుడు కావాలనిపిస్తోంది.

ఆయన్ని అరకు నుంచి ఇంటికి తెచ్చింది ఆ జీపులోనే. తోలింది ఎవరనుకున్నారు, ఒకప్పటి కొత్త జీపు ఆసామి. సీట్లు తీసి, చాప పరిచి పడుకోబెట్టాం. అత్తయ్యా నేనూ పక్కన కూర్చున్నాం. మలుపు దగ్గర అతను అలవాటుగా వాగు పక్కన ఆపాడు. కబురు తెలిసి పై ఊళ్ల ఆడవాళ్లు అప్పటికే వచ్చి నిలబడ్డారు. అత్తయ్యే ముందుకు వంగి టేపు మీట నొక్కింది.

ఆనపకాయ బుర్రల్లోంచి తుడుము మోగింది. వాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకున్నారు. చాలా మెల్లగా, తలలు వంచుకుని అడుగులు వేశారు. నన్నూ లాగారు, అత్తయ్యనీ లాగారు. ఆవిడ ఒక్క అడుగూ తప్పలేదు.

పాట అయిపోయింది. టేపు ఖాళీగా తిరుగుతూ సర్రుమంటోంది. పొద్దు వాలుతోంది, ఇంకా ఘాటీ ఎక్కాలి. అయినా ఎవరూ కదల్లేదు. చేతులు వదలకుండా, మావయ్య కేక కోసం జీపు వైపే చూస్తూ నిలబడ్డాం.