ఎలియాజర్ మాస్టారి నోట్స్

ఎలియాజర్ మాస్టారికి ముప్ఫై మూడేళ్ళపాటు అన్నం పెట్టినవాడు ఒక ఇంగ్లీషు నాటక కవి. ఆ మహానుభావుడి పేరు ఇక్కడ చెప్పనక్కర్లేదు. పోయి నాలుగు వందల ఏళ్ళు దాటినా, ఇంగ్లీషు పేపరు రాసిన ప్రతి తెలుగువాణ్ణీ ఏదో ఒక పరీక్షలో ముప్పుతిప్పలు పెట్టినవాడే ఆయన. మాస్టారు పనిచేసిన చీరాల కాలేజీలో పిల్లలు ఆ కవిని 'బట్టతలాయన' అనేవారు. పుస్తకంలో బొమ్మ అలా ఉండేది మరి. నున్నటి నుదురు, మెడచుట్టూ విసనకర్ర చుట్టినట్టు ఒక కాలరు.

బట్టతలాయన జీవితమూ రచనలూ అన్నది ఏటా తప్పకుండా వచ్చే పది మార్కుల ప్రశ్న. దానికి మాస్టారి జవాబు పదకొండు పేజీలు. కుర్చీ వెనక నిలబడి, కళ్ళు మూసుకుని, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా ఇంగ్లీషులో గడగడా చెప్పేవారు. పిల్లలు తలెత్తకుండా రాసుకునేవారు. తలెత్తితే ఒక వాక్యం పోయినట్టే. రాసుకున్నది వల్లెవేసి పరీక్షలో ఒలకబోస్తే ఫస్టు క్లాసు ఖాయం. స్టేషను రోడ్డులో జిరాక్సు షాపువాళ్ళు 'ఎలియాజర్ గారి నోట్స్' అని అట్టవేసి మరీ అమ్ముకున్నారు. "మన నోట్స్ గుంటూరు దాకా పోయిందే!" అని మాస్టారు ఇంట్లో చెప్పుకుని పొంగిపోయేవారు.

ఆయన తండ్రి బాపట్ల మిషన్ హాస్టల్లో వంటమనిషి. గంజి వార్చే చేత్తోనే కొడుకు వీపు చరిచి, నీకు ఇంగ్లీషు రావాలిరా అనేవాడు. వచ్చింది. ఎలా వచ్చిందయ్యా అంటే కంఠతా పట్టడం వల్ల వచ్చింది. కీర్తనలు, బైబిలు వచనాలు, వ్యాకరణ సూత్రాలు, ఏది దొరికితే అది మింగేసే ఆ కుర్రాడు గుంటూరులో బి.ఏ.లో ద్వారకానాథ్ గారనే లెక్చరరు చేతిలో పడ్డాడు. ఆయన క్లాసు ఒక్కటి కూడా పోనివ్వలేదు. తర్వాత ఎం.ఏ., ఆ తర్వాత చీరాలలో ఉద్యోగం. మొదటి రోజు క్లాసులో నోరు తెరిస్తే పాఠం ధారగా వచ్చేసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు, ఆయనా అడుక్కోలేదు.

రిటైరయ్యాక మాస్టారు భార్య సుగుణకుమారితో సహా ఆస్ట్రేలియాలోని టూవూంబా వచ్చేశారు. కొడుకు శామ్ అక్కడ ఆస్పత్రిలో నర్సు. కారు లేకపోతే కాలు లేనట్టే ఉండే ఊరది. మాస్టారికి డ్రైవింగ్ రాదు. ఆదివారం చర్చికి శామ్ తీసుకెళ్ళాలి, అక్కడ అందరూ ఆయన్ని 'ఎలియాజర్ అంకుల్' అంటారు. మాస్టారూ అని పిలిచేవాడు ఒక్కడు లేడు. భార్య పోయి మూడేళ్ళయింది. పదకొండు పేజీలూ నోట్లోనే ఉన్నాయి, రాసుకునేవాడే కరువయ్యాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఈ మే నెలలో మనవరాలు షీనా లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇయర్ ఇలెవెన్, అంటే మన ఇంటర్ మొదటి ఏడు. టూవూంబాలోనే పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. స్కూల్లో అసైన్‌మెంట్ ఇచ్చారట. ఏమిటది అంటే, సరిగ్గా అదే. బట్టతలాయన జీవితమూ రచనలూ!

మాస్టారు లేచి నిలబడ్డారు. డైనింగ్ టేబుల్ కుర్చీ వెనక్కి వెళ్ళి రెండు చేతులూ దానిమీద ఆన్చి కళ్ళు మూసుకున్నారు. "రాయమ్మా. అండ్ దిస్ ఈజ్ మై ఓన్ నోట్స్, మైండ్ యూ. చీరాల మొత్తం దీనిమీద పాసయింది."

చేతితొడుగులు కుట్టేవాడి కొడుకుగా పుట్టడం, పద్ధెనిమిదేళ్ళకే తనకన్నా ఎనిమిదేళ్ళు పెద్దదాన్ని పెళ్ళాడటం, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియని ఆ ఏడేళ్ళు, లండన్ నాటకశాలలు, పదకొండేళ్ళ కొడుకు చావు, ఆ వెనకే హాయిగా నవ్వించే నాటకాలు, చివరికి వీలునామాలో భార్యకు రాసిన పాత మంచం. అన్నీ వరసగా దిగుతున్నాయి. షీనా వేళ్ళు టకటకలాడుతున్నాయి.

"తాతయ్యా, డిడ్ హీ లవ్ హిజ్ వైఫ్?"

"అది పరీక్షలో అడగరమ్మా. రాయి. కామా."

రెండు సాయంత్రాల్లో అయిపోయింది. ఆ రెండు రోజులూ మాస్టారు భోజనం దగ్గర రెండోసారి అన్నం వడ్డించుకున్నారు.

మూడు వారాల తర్వాత స్కూలునుంచి ఈమెయిల్ వచ్చింది. అసైన్‌మెంట్లను ఒక సాఫ్ట్‌వేర్‌తో సరిచూస్తారట. షీనా రాసినదానిలో నూటికి తొంభై ఒక్క వంతులు ఇంటర్నెట్‌లో ఉన్నదేనట. గురువారం మూడున్నరకు పెద్దవాళ్ళను తీసుకుని రమ్మన్నారు. శామ్ ఆ రిపోర్టు ప్రింటు తీసి తండ్రి ముందు పెట్టాడు. పేజీలన్నీ ఎర్రెర్రగా ఉన్నాయి.

"డాడీ, ఇది మీరు నెట్‌లో చూసి చెప్పారా? నిజం చెప్పండి."

"నెట్టా! వాట్సాప్ తెరవడమే నువ్వు నేర్పావు కదరా నాకు. ఇది నా నోట్స్."

శామ్ ఆ సైట్లు ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. హైదరాబాదు ట్యుటోరియల్ సైటు ఒకటి. ఊరూ పేరూ లేనివి బోలెడు. ఒకదానిమీద పాండురంగ అని పేరుంది. "మావాడేరా! తొంభై ఆరు బ్యాచ్, రెండో బెంచీ!" అని మాస్టారు కేక పెట్టినంత పనిచేశారు. ఒక పక్క గర్వం, ఒక పక్క అయోమయం. తన మాటలు తనకు తెలియకుండా లోకమంతా తిరిగి, చివరికి తన మనవరాలిని దొంగను చేయడానికి ఇంటికొచ్చాయి. సంతోషించాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు.

శామ్ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ప్రాబ్లమే లేదు. వాళ్ళే మీ దగ్గర కొట్టేశారు. చీరాలనుంచి తెచ్చుకున్న ఆ పాత నోట్‌బుక్ ఉందిగా, అది టీచర్‌కి చూపించండి. ఫినిష్."

"ఐ ఆల్రెడీ టోల్డ్ హర్," అంది షీనా. "ఇట్స్ మై తాతయ్యాస్ ఓన్ వర్క్ అని. షీ విల్ బిలీవ్ యూ."

సంగతేమిటంటే, తాత మాటలు రాసుకుంటే స్కూలువాళ్ళ లెక్కలో అది చిన్న తప్పు. ఇంట్లో సాయం ఎక్కువైంది, మళ్ళీ సొంతంగా రాయి అంటారు. ఇంటర్నెట్‌లోంచి ఎత్తేసి, పైగా మా తాత రాశాడని అబద్ధమాడిందని తేలితే మాత్రం సున్నా, ఆ మచ్చ రికార్డులో ఉండిపోతుంది. అంతా మాస్టారి నోటిమాట మీద ఆగింది.

మర్నాడు పొద్దున శామ్ డ్యూటీకి, పిల్ల స్కూలుకి వెళ్ళాక, మాస్టారు పెట్టెలోంచి నోట్‌బుక్ తీశారు. ఏళ్ళ తరబడి ఆయన దాన్ని తెరవలేదు. నోటికొచ్చినదాన్ని ఎవరు చూసుకుంటారు? మొదటి పేజీలో, పంతొమ్మిదేళ్ళప్పటి తన గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: 'ద్వారకానాథ్ గారు చెప్పినది.'

మాస్టారు కూర్చుండిపోయారు.

తర్వాత పెన్సిలు తీసుకుని పట్టుదలగా వెతకడం మొదలుపెట్టారు. ఏదో ఒకటి ఉంటుంది, ముప్ఫై మూడేళ్ళలో ఒక్క వాక్యమైనా తను చేర్చి ఉండడా? అక్కడో పదం మార్చారు. ఇక్కడో పేరా కుదించారు. నాలుగో పేజీలో ఒక తేదీ సరిదిద్దారు. అంతే. బుధవారం మధ్యాహ్నానికి పదకొండు పేజీలూ అయిపోయాయి, తనదనుకోదగ్గ వాక్యం ఒక్కటి దొరకలేదు. ద్వారకానాథ్ గారు కూడా కళ్ళు మూసుకునే చెప్పేవారని అప్పుడు గుర్తొచ్చింది. మరి ఆయనకు ఎవరు చెప్పారు? ఆ చెప్పినాయనకు? బుర్ర తిరిగిపోయింది. నేను దొంగతనం చేశానా? చీరాలలో దీన్ని ఎవరూ దొంగతనం అనలేదే! గురువు చెప్పినది పొల్లుపోకుండా అప్పజెప్పడమే కదా మర్యాద. సొంతంగా రాసినవాళ్ళకే అక్కడ మార్కులు తెగేవి. లలితకుమారి అని ఒక పిల్ల, 'ఈ కవికి ఇంటిమీద బెంగ ఉండేదనుకుంటాను' అని రాస్తే పదికి మూడు వేసి, 'నోట్స్ చూడు' అని రాసింది తనే. ఆ పిల్ల చెప్పింది నిజమేనా? ఏమో. ఆయనకు తెలియదు. సిలబస్‌లో ఇచ్చిన అంకాలు తప్ప ఆ కవి నాటకం ఒక్కటి కూడా మాస్టారు మొదటినుంచి చివరిదాకా చదవలేదు. ఆ మాట తనలో తను అనుకోవడానికే ఆయనకు సిగ్గేసింది.

మొదటి పేజీ చింపేస్తే సరిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అనను. ఒక్క కాగితం. చింపితే పిల్ల బయటపడుతుంది, తాత గొప్పవాడుగానే మిగులుతాడు. వేలు ఆ కాగితం అంచు దాకా వెళ్ళింది కూడా. ఆ పేజీ మీద అక్షరాలు మరీ శ్రద్ధగా ఉన్నాయి, స్కేలు పెట్టి గీత గీసి, ఆ గీతకింద రాసుకున్నవి. చింపలేకపోయారు.

గురువారం టీచరు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. టీచరు మిస్ హాలరన్, నలభై ఏళ్ళ మనిషి, చేతిలో టీ కప్పు, మాట మెత్తన. బయట జూన్ చలి, ఆ దేశంలో అప్పుడే చలికాలం. మాస్టారు మంకీక్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. షీనా ఆయన వంకే చూస్తోంది. ఆ చూపులో అనుమానం ఇసుమంత లేదు, అదే ఆయన్ని చంపేస్తోంది.

"సర్, ఈ మాటలు మీవేనా?" అని అడిగింది టీచరు. ఎవరో తనను సర్ అని పిలిచి ఎన్నాళ్ళయిందో.

మాస్టారు నోట్‌బుక్ తెరిచి, మొదటి పేజీ ఆవిడ వైపు తిప్పారు. తెలుగులో ఉన్నదాన్ని తనే చదివి అర్థం చెప్పారు. "నావి కావమ్మా. మా గురువుగారు చెప్పారు, నేను మోశాను. ఆయన ఎక్కణ్ణుంచి తెచ్చారో నాకు తెలియదు. నావేనని ఈ పిల్లకు చెప్పింది నేను. అది నమ్మింది. అబద్ధం నాది, దానిది కాదు." ఇంగ్లీషులోనే అన్నారు. ఎప్పుడూ తడబడని మనిషి ఆ నాలుగు ముక్కలకు రెండుసార్లు ఆగారు.

షీనా మొహం తిప్పేసుకుంది. శామ్ నేలచూపులు చూస్తున్నాడు.

మిస్ హాలరన్ కాసేపు ఆ గుండ్రటి అక్షరాలను చూసింది. తర్వాత రిపోర్టు మూడో పేజీ తీసి బల్లమీద పరిచింది. ఎరుపు మధ్యలో రెండే రెండు వాక్యాలు తెల్లగా ఉన్నాయి. "ఇవి ఎక్కడా దొరకలేదు. మీ నోట్స్‌లో ఉన్నాయా?"

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. కొడుకు చావు, ఆ వెనకే నవ్వించే నాటకాలు అన్న చోట, తను చెప్పని మాటలు ఇంగ్లీషులో ఇలా ఉన్నాయి: 'అప్పుడాయన సంతోషంగా ఉన్నాడని నేననుకోను. పొద్దున లేచాక ఇంకేం చెయ్యాలో తెలియక రాస్తూ పోయి ఉంటాడు.'

"లేవు," అన్నారు మాస్టారు.

"అది నాది," అంది షీనా ఇంగ్లీషులో, ఎవరివంకా చూడకుండా.

టీచరు తలూపింది. అసైన్‌మెంట్ అడిగింది దీనికోసమేనంది. మిగతాదంతా తీసేసి, ఈ రెండు వాక్యాలతో మొదలుపెట్టి వారంలో మళ్ళీ రాసుకు రమ్మంది. రికార్డులో ఏమీ ఎక్కదు. మాస్టారితో చెయ్యి కలిపి, చెప్పినందుకు థాంక్స్ అంది.

శామ్ కారు బయటికి తీశాడు. షీనా వెనక సీట్లో తాత పక్కన కూర్చుంది కానీ తల కిటికీకి ఆనించేసింది. పిల్ల కోపంగా ఉందో, దానికి తనమీద నమ్మకం పూర్తిగా పోయిందో మాస్టారికి అర్థం కాలేదు. రెండు సిగ్నళ్ళు దాటాక ఉండబట్టలేక అడిగారు.

"ఆ మాట నీకెలా తోచిందమ్మా? ఏ పుస్తకంలోనూ లేదే."

షీనా కిటికీమీంచి తల తీసింది. ఆ పిల్లకు ఎప్పుడూ నోరు తిరగని తెలుగులో పలికింది.

"మిమ్మల్ని చూసి, తాతయ్యా. నాయనమ్మ చచ్చిపోయినాక. రోజూ మార్నింగ్ బట్టల తీగ దగ్గర నిలబడి మీరు ఆ నోట్స్ చెప్తారు. ఎవరికీ కాదు, ఊరికే. నా రూమ్‌లోకి వినిపిస్తుంది. మీకు ఇష్టమై చెప్తున్నారని ఫస్ట్ అనుకున్నా."

మాస్టారు చేతిలోని మంకీక్యాప్ మడతపెట్టారు. కారు ఇంకో మలుపు తిరిగింది.

"మీ నాయనమ్మ పోయాక," అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా, "పొద్దున లేస్తే టీ ఎవరికి పెట్టాలో తెలిసేది కాదమ్మా నాకు. రెండు కప్పులు పెట్టేవాణ్ణి. ఒకటి పారబోసేవాణ్ణి. నువ్వు చూస్తావేమోనని పెరట్లోకి పోయేవాణ్ణి."

ముందు సీట్లో శామ్ ఇండికేటర్ వేసి కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. అమ్మ గురించి నాన్న ఒక మాట అనడం ఈ మూడేళ్ళలో అతను వినలేదు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. షీనా సీట్ బెల్టు తీసి తాతకు దగ్గరగా జరిగింది.

"ఇంకా చెప్పండి," అంది.