మూడో సోంబారి

ఎవరైనా నా పేరు అడిగితే ఇప్పటికీ ఒక్క క్షణం తడబడతాను. అవతలివాళ్ళు గమనించరు. నేను గమనిస్తాను. ఆ క్షణంలో నా నోటిదాకా వచ్చేది నా పేరు కాదు, ఒక ఆడపిల్ల పేరు. ఆ పేరును నేను దొంగతనంగా వాడుకున్నాను. వాడుకుని, ఆ దొంగతనాన్ని ఆ పిల్ల మీదే పెట్టాను. ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఇదే. నా భార్యకు తెలియదు. నాతో పనిచేసేవాళ్ళకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను. పిరికివాడు ఇలాగే ఒప్పుకుంటాడేమో. ఒప్పుకోనివ్వండి.

నాది విజయనగరం వైపు పల్లపు ఊరు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు ఒకటి చేశాను. విశాఖలో ఇంటర్వ్యూలకు తిరిగాను. ప్రశ్న అర్థమయ్యేది, జవాబు తెలిసేది, కానీ ఇంగ్లీషులో నోరు పెగిలేది కాదు. తిరిగి తిరిగి, చివరికి అరకు దగ్గర ఒక ట్రస్టు వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో కంప్యూటర్ నేర్పే పనికి కుదిరాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గదిలో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి నేను వెళ్ళేసరికే పాడైపోయింది. పిల్లలు దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకునేవారు. రెండోదానికి టెలిఫోన్ తీగ ద్వారా ఇంటర్నెట్ వచ్చేది, అదీ వాన లేనప్పుడు.

పిల్లలందరూ చుట్టుపక్కల కొండగూడేల వాళ్ళు. నన్ను 'నువ్వు' అనేవారు. అక్కడ అందరినీ అలాగే అంటారు, అందులో అమర్యాద ఏమీ లేదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అదే అలవాటై, ఇష్టమైంది. 'సారూ, నువ్వు తిన్నావా?' అని ఏ పిల్లయినా అడిగితే సొంతమనిషి అడిగినట్టుండేది.

వాళ్ళ పేర్ల సంగతి కూడా చెప్పాలి. నా తప్పు అక్కడే మొదలైంది. ఆ కొండల్లో చాలామందికి పుట్టిన వారాన్ని బట్టే పేరు. సోమవారం పుడితే సోంబారి, బుధవారం పుడితే బుద్రి, శుక్రవారమైతే సుక్రి. ఇంటిపేరేమో గూడెంలో సగం ఇళ్ళకు ఒకటే. అలా మా హాస్టల్లో ఒకే గూడెం నుంచి వచ్చిన ఇద్దరు సోంబారిలు ఉండేవారు, ఇంటిపేరుతో సహా ఒకటే. పెద్ద సోంబారి, చిన్న సోంబారి అని పిలిచేవాళ్ళం. చూడబోతే చిన్న సోంబారే జానెడు పొడుగు.

"మరి నువ్వెలా చిన్నదానివే?" అని అడిగితే, "నాను ఎనకొచ్చిన సోమారం పుట్టినాను సారూ. పొడుగుకీ సోమారానికీ ఏటి సమ్మందం?" అని నవ్వేది.

ఆ పిల్ల పదో తరగతి అయిపోయి, ఇంక ఏం చేయాలో తెలియక హాస్టల్లోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్తే కాఫీ తోటల్లో కూలికి పంపుతారు. వెళ్ళకుండా ఉండటానికి ఒక దారి దొరకాలి. ఆ దారి దొరికినట్టే దొరికింది.

విశాఖలో ఒక కంపెనీ ఇంటర్నెట్ మీద ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టింది. మొదటి నెల ఉచితం, ఆ తర్వాత చందా కట్టాలి. ఉచిత నెల చివర ఒక పరీక్ష. అందులో బాగా రాసినవాళ్ళను ఆ కంపెనీయే పిలిచి, అక్కడే ఉంచి, ఫోన్లో మాట్లాడే ఉద్యోగాలకు తయారుచేసేది. అయితే పల్లంలో జనం పేరు మార్చి, ఊరు మార్చి, ఆ ఉచిత నెలనే మళ్ళీ మళ్ళీ వాడుకోవడం మొదలెట్టారు. దాంతో కంపెనీ వాళ్ళు కంప్యూటర్‌కే గుర్తు పెట్టారు. కంప్యూటర్ లోపలి భాగాలకు వేటి నంబర్లు వాటికుంటాయి. ఆ నంబర్లన్నీ కలిపి ఒక గుర్తు తయారుచేస్తే, లోకంలో మరో కంప్యూటర్‌కి ఆ గుర్తు ఉండదు. ముందున్న మనిషి ఏ పేరు చెప్పినా, ఈ కంప్యూటర్ ఒకసారి ఉచిత నెల వాడుకుందని వాళ్ళకు తెలిసిపోతుంది. ఒక కంప్యూటర్‌కి ఒక నెల. అంతే.

తెలివైన ఏర్పాటే. కానీ కంప్యూటర్ ఒక మనిషిదో ఒక ఇంటిదో అయి ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. మా దగ్గర హాస్టల్ మొత్తానికి ఒక్కటే. పెద్ద సోంబారి పాఠాలు పూర్తిచేశాక రెండో పిల్ల పేరు కొడితే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నేను కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడి కోఆర్డినేటర్ పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడేవాడు. సంగతి విని నవ్వాడు.

"ఊరంతటికీ ఒకే నుయ్యి అన్నమాట. సరే మాస్టారూ, మీ కంప్యూటర్‌కి ఆ తాళం తీయించేస్తాను. పిల్ల పిల్లకీ ఒక నెల ఇవ్వండి. కానీ ప్రతి పేరు వెనకా ఒక మనిషి ఉండాలి. అది మీరే చూసుకోవాలి."

చూసుకుంటానన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ కపటమూ లేదు. ఇది మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు. నాకు మాత్రం అప్పుడప్పుడు అది గుర్తుచేసుకోవాలనిపిస్తుంది.

చిన్న సోంబారి మొదలుపెట్టింది. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, చుట్టూ ఎవరున్నారో మరచిపోయి, గట్టిగా పలికేది. తక్కిన పిల్లలు వెక్కిరించేవారు. "ఓలి దొరసానీ, టీ తాగతావేటి?" అనేవారు. "తాగతాను, బేగి తెండి!" అని ఇంగ్లీషు యాసలో అనేది. నేను వెనక కుర్చీలో కూర్చుని వినేవాణ్ణి. వింటూ వింటూ నాలో ఒక దురాశ పుట్టింది. నాకు కావలసింది కూడా అదే కదా? విశాఖ ఇంటర్వ్యూల్లో నేను ఓడిపోయింది ఆ మాటల దగ్గరే కదా?

నాకూ ఒక నెల ఇమ్మని అడగగలిగేవాణ్ణి. ఆ పెద్దాయన కాదనే మనిషి కాదు. కానీ కంప్యూటర్ నేర్పే మాస్టారికి ఇంగ్లీషు రాదని చెప్పుకోవాలి. ఆ సిగ్గు నాకు దొంగతనం కంటే పెద్దదిగా కనిపించింది. ఎందుకలా కనిపించింది? ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను.

ఒక ఆదివారం పిల్లలు బట్టలు ఉతుక్కోవడానికి గెడ్డకు, అంటే కొండవాగు దగ్గరికి, వెళ్ళారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త పేరు నమోదు చేశాను. సోంబారి. అదే ఇంటిపేరు, అదే గూడెం. ఆ పేరే ఎందుకు? ఇద్దరున్న చోట మూడో మనిషిని ఎవరూ పట్టించుకోరని. ఇంకా లోతుగా తవ్వితే, ఇంతకంటే చెడ్డ ఆలోచన ఒకటి ఉంది. ఇక్కడ పేర్లకు విలువేముంది, వారం పేరే కదా, ఎవరిదైతేనేం అనుకున్నాను. ఆ పిల్లల పేర్లు హాజరులో రోజూ పిలిచిన నోటితోనే అలా అనుకున్నాను.

ఆ నెలంతా పిల్లలు గెడ్డకు వెళ్ళినప్పుడూ, సంతకు వెళ్ళినప్పుడూ నేను సోంబారినయ్యాను. నాలుక తిరిగింది. భయం తగ్గింది. చివర పరీక్ష రాయకుండా వదిలేసి ఉంటే ఈ రోజు ఇది రాయవలసిన పని ఉండేది కాదు. నా మార్కులు ఎన్నొస్తాయో చూసుకోవాలనిపించింది. రాశాను. చిన్న సోంబారి కూడా ఆ రోజుల్లోనే రాసింది.

కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మా హాస్టల్ నుంచి ఒకరిని పిలుద్దామని చూస్తుంటే ఒకే పేరు మూడుసార్లు కనిపించిందట. మొదటి సోంబారి మామూలుగా రాసింది. రెండో సోంబారి చాలా బాగా రాసింది. మూడో సోంబారి ఆమెను మించిపోయింది. కంప్యూటర్ గుర్తు మూడింటికీ ఒకటే.

"ముగ్గురూ వేరువేరు పిల్లలేనా మాస్టారూ?" అన్నాడాయన. గొంతులో అనుమానం కంటే ఆశే ఎక్కువ వినిపించింది. ఔనంటే మూడో పిల్లను చూపించమంటాడు. కాదంటే, ఎవరని అడుగుతాడు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"ఇద్దరే సార్. మూడోది... చిన్న సోంబారే మళ్ళీ పేరు కొట్టుకుని ఉంటుంది. తెలివైన పిల్ల."

తెలివైన పిల్ల అన్నాను. ఆ పిల్లలో నాకు బాగా నచ్చిన గుణాన్నే తీసి సాక్ష్యంగా పెట్టాను.

ఆయన "పాపం, పిలుద్దామనుకున్నది ఆ పిల్లనే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మర్నాటికి మా కంప్యూటర్‌కి తాళం పడింది. చిన్న సోంబారికే కాదు, వరసలో ఎదురుచూస్తున్న బుద్రికీ సుక్రికీ అందరికీ.

హాస్టల్ వార్డెనమ్మ ఆ పిల్లను కంప్యూటర్ గదికి పిలిపించింది. నన్నే అడగమంది. అడిగాను.

"సోంబారీ, రెండోసారి పేరు కొట్టావా?"

"లేదు సారూ. నానేల కొడతాను? నా నెల నాకుంది కదా."

"కంపెనీ వాళ్ళకు తెలిసిపోయింది. కంప్యూటర్ గుర్తుపట్టేస్తుంది."

"మిసను గుర్తుపట్టిందా?" ఆ పిల్ల తెర వైపు చూసింది. "నా మొకం సూసిందేటి?"

"ఓలమ్మో, నోరు సూడు దీనికి!" అంది వార్డెనమ్మ. "ఇంగిలీసు నేర్చుకోయే గుంటా అంటే దొంగబుద్ది నేర్చుకుంది. నీ మూలాన అందరి నోట్లోనూ మట్టి పడింది గదే."

చిన్న సోంబారి ఆమె వైపు తిరగలేదు. నన్నే చూస్తోంది. "సారూ, నువ్వు సెప్పు. మిసను తప్పు సెప్పదా?"

అప్పుడైనా చెప్పవచ్చు. గదిలో ముగ్గురమే ఉన్నాం. వార్డెనమ్మ తిట్టేది, ఉద్యోగం పోయేది, నేను బస్సెక్కి మా ఊరు వెళ్ళిపోయేవాణ్ణి. అంతకంటే ఏమయ్యేది?

"చెప్పదు," అన్నాను.

ఆ పిల్ల తల దించుకుని కీబోర్డు మీటల వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నెమ్మదిగా అంది:

"అయితే నానే ఏదో నొక్కేసుంటాను. ఏటి నొక్కానో మీరు సెప్పండి సారూ. ఇంకెప్పుడూ అది నొక్కను."

మీరు అంది. అంతకు ముందు ఆ పిల్ల నన్ను అలా ఎన్నడూ అనలేదు.

తక్కిన పిల్లలు ఆమెతో మాట్లాడటం మానేశారు. పెద్ద సోంబారి తన పేరు కూడా చెడిపోయిందని గొడవ చేసింది. తర్వాతి సంత రోజున తండ్రి వచ్చి చిన్న సోంబారిని తీసుకెళ్ళిపోయాడు. ఆయన నాకు దండం పెట్టి, పిల్ల తెలీక చేసిందన్నాడు. ఆ దండం అందుకున్నాను.

మరుసటి ఏడాది నేను విశాఖలో ఉద్యోగంలో చేరాను. ఇంటర్వ్యూలో నోరు పెగిలింది. ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగారు. సొంతంగా అన్నాను. నా పెళ్ళి, ఇల్లు, ఈ రోజు తింటున్న అన్నం అన్నీ ఆ ఒక్క నెల మీద నిలబడి ఉన్నాయి. ఎంతోమంది ఇంతకంటే పెద్ద మోసాలు చేస్తారని సర్దిచెప్పుకున్న రోజులు ఉన్నాయి. ఎవరో ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చినదాన్ని కాస్త ఎక్కువ వాడుకున్నాను, అంతేగా అనుకున్నవీ ఉన్నాయి. కానీ నేను తీసుకున్నది కంపెనీ నుంచి కాదు.

కొన్నేళ్ళకు ఆఫీసు వాళ్ళమంతా కుటుంబాలతో అరకు వెళ్ళాం. నేను రానన్నాను. నా భార్య వినలేదు. దారి పక్కన మిరియాలు, తేనె అమ్ముతున్న వరసలో చిన్న సోంబారి కనిపించింది. నేను తలతిప్పుకునేలోపే గుర్తుపట్టింది.

"బావున్నారా సారూ? మీరెప్పుడొచ్చారు?" ముఖం విప్పారింది. పక్కనున్నవాళ్ళతో, మా సారు, నాకు ఇంగిలీసు నేర్పినాడు అని చెప్పింది. గర్వంగా చెప్పింది.

మావాళ్ళలో ఒకాయన తన డిజిటల్ కెమెరా ఆమె చేతికిచ్చి, అందరినీ కలిపి ఒక ఫోటో తీయమ్మా అన్నాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నానొద్దు బాబూ. నా సెయ్యి పడితే మిసన్లు పాడైపోతాయి. మా సారుని అడగండి," అని నవ్వింది. అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. నేనూ నవ్వానేమో. ఆ సంగతి తలుచుకోవడానికి నాకు భయం.

అక్కడ చెప్పవలసింది. ఆమె నమ్ముతున్నది అబద్ధమని, దాన్ని నాటింది నేనేనని, ఆమె వేలు ఏ తప్పు మీటా నొక్కలేదని. మిరియాలు కొన్నాను. జీపెక్కాను. ఎవరామె అని నా భార్య అడిగితే, ఒకప్పుడు చదువుకున్న పిల్ల అన్నాను.

ఇది రాస్తే నా పాపం పోతుందని నేననుకోవడం లేదు. ఆమె చదివే చోటికి ఇది చేరదు. వెళ్ళి చెబుతానా? మాటిచ్చి తప్పినవాణ్ణి, మళ్ళీ మాటివ్వలేను. ఆ రోజు ఫోన్లో పెద్దాయన అడిగిన ప్రశ్నకు మాత్రం ఇప్పుడు జవాబు చెబుతాను. పిల్లలు ఇద్దరే సార్. రెండో పిల్ల ఏ తప్పూ చేయలేదు. మూడో సోంబారిని నేను.